మొచీలా

శ్రీనివాసం ఎదుట, చెరకు రసం బండికీ
చెప్పులు కుట్టే చెంగమ్మకీ నడుమ
నా మిషను.
జిప్పుకి ఇరవై, పట్టీకి నలభై.
దేవుడి ఊరని బేరమాడనోళ్ళు ఎవురూ లేరు.

మిట్టమధ్యాన్నం. పట్టీ తెగిన సంచిని
జరమొచ్చిన బిడ్డని తెచ్చినట్టు
రెండు చేతుల్తో ఎత్తుకోని వచ్చింది ఒకామె.
ఇట్సియార్ అంట పేరు. మూడుసార్లు చెప్పించుకున్నా.
పీరాన్ అనే నా పేరు ఆమెకు ఒక్కసారికే వచ్చేసింది.

దీన్ని మీ ఊర్లో ఏమంటారని అడిగినా.
ఊరికే. సూదిలోకి దారం ఎక్కేదాకా
ఏదో ఒక మాట ఉండల్ల కదా.

మొచీలా, అనింది.
వీపుకెక్కితే మొచీలా.
మోచేతికి తగిలించుకుంటే బోల్సో.
అంగట్లో టమోటాలు పోసిచ్చేది మాత్రం బోల్సా,
చివర ఒక్క అచ్చు మారితే చాలు, హోదా దిగిపోతాదంట.
ఎదమీద అడ్డంగా పట్టీ పడితే బందొలేరా.
గొర్రెలు కాసేవాడి తోలుసంచి సుర్రోన్,
వేటగాడిది మొర్రాల్, సిపాయిది మకూతో.
నల్ల రెక్సిన్ ముక్క మీద
నా సుద్దతోనే రాస్తా పోయింది.

నేనూ తగ్గలేదు.
జోలె, అన్నా. తిత్తి, అన్నా. గోతం, చిక్కం.
మూట, అన్నా. దానికి కుట్టే లేదమ్మా, ఉండేదంతా ముడే.
"సద్దిమూట మర్చిపోతివే" అని అరిచింది చెంగమ్మ
నోట్లో మేకు పెట్టుకోనే.

అల్ఫోర్హా, అనింది మళ్ళా.
గాడిదకు అటొకటి ఇటొకటి వేలాడే జంటసంచి,
చేతుల్తో చూపించింది.
నా సూది ఆగింది.
మా తాత బుడన్ సాయిబు
చంద్రగిరి నుంచి చింతపండు తోలేవాడు తట్టువు మీద.
ఆ జంటసంచిని మా ఇంట్లో ఖుర్జీ అనేవాళ్ళం.
ఫోర్హా. ఖుర్జీ.
నోట్లో రెండుసార్లు తిప్పి చూసినా.
ఒకే అరబ్బీ గుర్రానికి
చెరోపక్క వేలాడతా ఉండాయి రెండు మాటలూ.
అటుపక్కది ఇటుపక్కదాన్ని ఎప్పుడూ చూసిండదు.

అప్పుడు ఆమె రోడ్డు చూస్తా ఉండింది.
కొండ దిగి వస్తా ఉండారు కొత్త గుండ్లు,
చందనం ఇంకా ఆరనివి,
అమ్మ గుండు, నాయిన గుండు, చంకలో పిల్లది.
ముతిల్, అనింది మెల్లిగా.
వాళ్ళ అమ్మమ్మది స్పానిష్ కాదంట, వేరే కొండల భాష.
ఆ భాషలో ముతిల్ అంటే పిల్లోడు.
ఒకప్పుడు పిల్లోళ్ళకు బోడిగా గొరిగేవాళ్ళంట,
బోడివాడు అనే మాటే పిల్లోడు అయిందంట.
ఆ బోడిపిల్లోడు ఊరందరి పనులకీ పరిగెత్తేవాడంట,
వాడి వీపున ఉండే సంచికి
వాడి పేరే అతుక్కుపోయిందంట.

నేను తలెత్తలేదు.
అలిపిరిలో, మా అబ్బ పోయిన ఏడాది,
పదకొండేళ్ళప్పుడు, యాత్రికుల పెట్టెలు మోసినాను
మెట్ల మీద మొదటి గోపురం దాకా.
పేలు పడినాయని అమ్మ గుండు కొట్టించింది.
మొక్కేమో అనుకున్నారు అందరూ, నేనూ కాదనలేదు,
మొక్కు గుండుకి రూపాయి ఎక్కువ ఇచ్చేవాళ్ళు.
"రేయ్ సంచీ! ఇట్రా" అని పిలిచేవాళ్ళు.
వాళ్ళ ఊర్లో సంచికి పిల్లోడి పేరు.
ఇక్కడ నాకు సంచి పేరు.

పట్టీని నాలుగు వరసలు కుట్టినా. రెండు చాలు దానికి.
నలభై ఇచ్చింది. ఆమె ఒక్కతే బేరమాడలేదు,
అదీ కొంచెం వెలితిగానే అనిపించింది.
వీపుకి ఎక్కించుకోని, ఒకసారి ఎగిరి చూసుకోని,
అలిపిరి బస్సు ఎక్కింది.

రెక్సిన్ ముక్క రెండు దినాలు అట్లే పెట్టినా.
మూడోనాడు మదనపల్లె ఆయప్ప సంచికి అడుగు వేయాల్సొచ్చింది.
వేరే ముక్క లేదు.
సుద్ద తుడవకుండా, రాత లోపలికి తిప్పి
కుట్టేసినా.